ఆదెమ్మ గడ్డిమోపు

ఉత్తరపు డొంకలో మోటబావి ఉంది కదా, ఆ బావి పక్కన చింతచెట్టు, దాని కింద మద్దేనంపూట ఎవురన్నా కూర్చోంగా చూశారా మీరెప్పుడన్నా? చూసుండరు. ఎంత ఎండ కొట్టినా, అరికాళ్ళు బొబ్బలెక్కినా, ఆ నీడన నిలబడే మనిషి మన ఊళ్ళో లేడు. గొడ్లు నిలబడతయ్యి, మేకలు నిలబడతయ్యి, వాటిని కాసేవాడు మాత్రం అవతల తుమ్మచెట్టు కింద, చాలీచాలని నీడలో తలకాయొక్కటి దాచుకుని కూర్చుంటాడు. ఆ చెట్టు కాయలు కూడా ఎవురూ దులపరు, రాలి రాలి అక్కడే పురుగులు పడతయ్యి. ఎందుకంటారు?

దెయ్యమా? అబ్బో, భలే కనిపెట్టావు. దెయ్యమని ఉయ్యాల్లో పిల్లని అడిగినా చెప్పుద్ది. ఎవురి దెయ్యం, ఎందుకయింది, ఏం అడుగుద్ది, అది చెప్పండి. నోళ్ళు లేవట్లేదే.

చేతులు ఆపమాకండి. ఈ కాయలు తొడిమలు తీసి పొద్దునకల్లా బస్తాల్లోకి ఎక్కించకపోతే రేపు ఆసామి నోరు మీరు వినలేరు. చెవులు నాకియ్యండి, చేతులు మిరపకాయలకియ్యండి. కరెంటంటారా, అది ఇప్పట్లో రాదు. ఒరే కొండలూ, దీపం ఇక్కడుంటే నువ్వా గోడవార ఏం చేస్తన్నావురా? కాయ కనపడకుండా తొడిమేం తీస్తావు? పెళ్ళాం మీనాక్షి పోయినకాడి నుంచి వీడికి మూలలు తప్ప వేరే చోటు కనపడట్లా. ఇటు జరుగు. జరగవా? సరే, నీ ఇష్టం, అక్కడి నుంచే విను.

మీరు పుట్టకముందు, నేను ఈ ఊరికి కాపురానికి రాకముందు మాట ఇది. మా అత్త చెప్పేది. ఆదెమ్మ అని ఒకావిడ ఉండేదంట, పడమటీధి చివర పాకలో. మొగుడికి క్షయ వచ్చి, దగ్గి దగ్గి, నెత్తురు కక్కి పోయాడు. ఆ రోజుల్లో క్షయ అంటే ఇప్పట్లాగా సూదులూ బిళ్ళలూ ఏం లేవు, ఆ పేరు చెబితేనే జనం నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. వాడు పోయినాక ఊరంతా ఆవిడ్ని అట్టాగే చూశారు. ఆవిడకి జబ్బుందో లేదో ఎవరికి తెలుసు, ఎప్పుడన్నా దగ్గేది, దుమ్ములో పని చేసేవాళ్ళం మనం దగ్గమా? కానీ ఆవిడ దగ్గితే అది క్షయ. కూలికి పిలవటం మానేశారు, బిందె పెడితే పక్క బిందె తీసేసేవాళ్ళు, పెళ్ళిళ్ళకి చెప్పటం మానేశారు.

మరి ఏం తిని బతికింది అంటారా? గడ్డి కోసి. పొద్దున్నే కొడవలి పట్టుకుని ఏటిగట్టు దాకా పోయేది, మోపు కట్టి తలమీద పెట్టుకుని మద్దేనానికి ఊళ్ళోకి వచ్చేది, పాడి ఉన్నోళ్ళ ఇళ్ళకి ఏసేది. గోడ అవతల నుంచే పడెయ్యమనేవాళ్ళు. వాళ్ళు చిల్లర కూడా అట్టాగే పడేసేవాళ్ళు, దుమ్ములో ఏరుకునేది. చూశారా తమాషా, ఆవిడ చేత్తో కోసిన గడ్డి గేదె తింటే, ఆ గేదె పాలు మనం తాగితే జబ్బు అంటుకోదంట, ఆవిడ చెయ్యి మన చేతికి తగిలితే అంటిద్దంట.

ఇప్పుడు ఆ చింతచెట్టు సంగతి చెప్తా. దాని కింద అప్పట్లో రెండు నిలువు రాళ్ళు, మీద అడ్డంగా ఒక నాపబండ ఉండేది, మనిషి రొమ్ము ఎత్తున. దించుడు బండ అనేవాళ్ళు. ఎందుకో తెలుసా? మీకేం తెలుసుద్ది, మీకు ఆటోలొచ్చె, ట్రాక్టర్లొచ్చె. తలమీద మోపున్న మనిషి అలిసిపోయి దాన్ని నేలమీద దించిందనుకోండి, మళ్ళీ తలమీదకి చేర్చాలంటే ఇంకో మనిషి కావాలి. ఒక్కదాని వల్ల కాదు. ఇద్దరూ ఎదురూబొదురూ నిలబడి, చెరోపక్క పట్టి, ఒకేసారి లేపాలి. తోడు లేని మనిషైతే ఆ బండకి ఆనుకుని నిలబడి, మోపుని అట్టా బండమీదకి జార్చి, అలుపు తీర్చుకుని, మళ్ళీ మోకాళ్ళు వంచి తల కింద పెట్టి లేస్తే సరిపోయిద్ది. ఎవరో పుణ్యాత్ములు ఎప్పుడో పెట్టించారు, పేరు కూడా ఎవరికీ తెలీదు. ఆదెమ్మకి ఊళ్ళో చుట్టమన్నా స్నేహితురాలన్నా ఆ బండే.

ఆ బండని మునసబు గారింటోళ్ళు తీసుకుపోయారు. దొంగతనం ఏం కాదు, పట్టపగలే, బండి కట్టుకొచ్చి తీసుకుపోయారు. పెరట్లో బట్టలుతకటానికి మంచి నున్నటి బండ కావాలంట. మునసబు ఏమన్నాడంటే, మోపులు మోసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసే పోతారు గదా, ఒకళ్ళకొకళ్ళు ఎత్తుకుంటారు, ఇంక ఈ బండతో ఎవరికి పని అన్నాడు. ఊళ్ళోవాళ్ళు కూడా నిజమే గదా అన్నారు. నిజమే మరి. ఒక్క మనిషికి తప్ప ఊరందరికీ నిజమే.

అది రోహిణి కార్తె. ఆదెమ్మకి జరమంట ఆ రోజు. అయినా పోయింది, పోకపోతే పొయ్యి ఎట్టా ఎలుగుద్ది? మోపుతో ఆ చెట్టు కాడికి వచ్చేసరికి కళ్ళు తిరిగినయ్యి. బండ లేదని తెలుసు, తెలిసీ ఏం చేస్తది, పడేసింది మోపుని, కూలబడింది. కాసేపటికి ఓపిక తెచ్చుకుని లేచింది గానీ మోపు లేవదుగా. అదే ఏళకి పొలం పని చూసుకుని మన ఊరి ఆడోళ్ళు డొంకెంబడి వస్తన్నారు. ఒక గుంపు వచ్చింది. ఆదెమ్మ చుట్టకుదురు తలమీద సర్దుకుని నిలబడి, ఒక్క చెయ్యి ఎయ్యి తల్లీ అనిందంట. ముందున్నావిడ ఎనకాలవాళ్ళు ఎత్తుతార్లే అని దాటుకుంది. ఎనకావిడ, నా చంకలో పిల్ల ఉంది అనింది. ఆ ఎనకావిడ అసలు వినపడనట్టే పోయింది. తర్వాత ఇంకో గుంపు. వాళ్ళు ఆవిడ్ని చూసి, చేలో నుంచి అడ్డం పడి పోయారు. కొట్టలా, తిట్టలా, ఎవురూ ఏమీ అనలా. ఊరికే పోయారు. ఎవురెవురు పోయారో, ఎవురేమన్నారో మా అత్త పూసగుచ్చినట్టు చెప్పేది, ఆ గుంపులో తనెక్కడుందో మాత్రం ఎప్పుడూ చెప్పలా. నేనూ అడగలా.

డొంక ఖాళీ అయిపోయింది. ఎండ నడినెత్తి మీదుంది. అప్పుడు ఆదెమ్మ చూసింది, రొమ్ము ఎత్తున ఏముంది? బావి గోడ ఉంది. దించుడు బండ ఎంత ఎత్తో అంతే ఉంది అది. మోపుని ఈడ్చుకుంటా పోయి, కొంచెం కొంచెంగా, ఒక కొన ఎత్తి పెట్టి, రెండో కొన నెట్టి, ఎట్టాగో గోడ మీదకి చేర్చింది. ఇంక తల కింద పెట్టి లేవటమే. లేచింది కూడా. కానీ అది గోడ, బండ కాదు, అవతల నేల లేదు. మోపు అటు ఒరిగింది, ఆవిడ దాన్ని వదల్లా. వదిలితే బతికుండేది. పొద్దుటి నుంచి కోసిన గడ్డి, ఎట్టా వదులుద్ది?

సాయంత్రం మోపు నీళ్ళ మీద తేలతా కనపడిందంట. ముందు దాన్ని చూశారు. గడ్డి అట్టా పాడైపోతందే అనుకున్నారంట. ఆ తర్వాత గదా దాని కింద మనిషిని చూసింది.

ఆ మరుసటి ఎండాకాలం నుంచి మొదలైంది. మద్దేనంపూట ఒంటరిగా ఆ చెట్టు కాడికి ఎవురు పోయినా, చెట్టు మొదట్లో మోపు పెట్టుకుని ఆడమనిషి నిలబడి ఉండేది, ఒంటిమీద చీర తడిసి కారతా, ఒక్క చెయ్యి ఎయ్యి తల్లీ అనేది. మొగోళ్ళైతే నాయనా అనేది. అంతే, ఇంకో మాట లేదు. మీదపడి రక్కటం, పీక పిసకటం, అయ్యేం లేవు. అయినా ఎవురు నిలబడతారు? పడతా లేస్తా పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఇంటికి. ఇంటికొచ్చాక మెడ లేచేది కాదు. తలమీద తడిగడ్డి మోపు పెట్టినట్టు, మెడనరాలు లాగేసి, గడ్డం రొమ్ముకి ఆనేది. కొందరికి నెలకి తగ్గేది, కొందరికి అట్టాగే ఉండిపోయేది. తాళ్ళూరోళ్ళ చెన్నప్ప ఉండేవాడు చూడండి, ఎల్లప్పుడూ నేలచూపులు చూస్తా నడిచేవాడు, అంతా ఆయన్ని మహా సిగ్గరి అనుకునేవాళ్ళు. సిగ్గా పాడా, ఆ చెట్టు కాడ చెప్పు తీసి విసిరాడు గదా ఆవిడ మీదకి. చచ్చిందాకా ఆకాశం చూడలా ఆ మనిషి. వర్షం వస్తందా అని పెళ్ళాన్ని అడిగేవాడు.

భూతవైద్యుణ్ణి పిలిచారు, చెట్టుకి మేకులు కొట్టించారు, నిమ్మకాయలు కోశారు, కోడిని కోశారు. ఇంత మందిలో ఒక్కళ్ళకన్నా, పోనీ ఆవిడ అడిగిందేదో ఇచ్చి చూద్దామని తట్టిందా? అడిగింది కోడినా? అడిగింది చెయ్యి.

సరే, ఇది ఇట్టా ఉంటే, నేను కాపురానికి వచ్చాను. నా తర్వాత మా మరిదికి పెళ్ళయి, వజ్రం అనే పిల్ల తోటికోడలుగా వచ్చింది. నవ్వితే ఇల్లంతా వినపడేది. మా అత్త, ఆడపిల్లవి ఆ నవ్వేందే, గేదెలు బెదురుతన్నయ్యి అనేది. గేదెలకి లేని బెదురు మీకెందుకత్తా అనేది వజ్రం. అట్టాంటి పిల్ల.

దానికి తొలి కానుపులో బిడ్డ పోయింది. పుట్టటమే ఊపిరి లేకుండా పుట్టింది. తల్లికి చూపిస్తే బెంగపడుద్దని చెప్పి, మొగోళ్ళు గుడ్డలో చుట్టి, చూపించకుండానే తీసుకెళ్ళి పూడ్చొచ్చారు. ఇంక ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ బిడ్డ మాట లేదు. మాట్లాడితే వజ్రం బాధపడుద్దని మాకు మేమే అనుకున్నాం. దానికి తెలీకుండా ఉయ్యాల తాడు కూడా విప్పేశాం. ఊళ్ళోవాళ్ళు ఇంకో రకం. సీమంతాలకి నన్ను పిలిచేవాళ్ళు, నా పక్కనే నిలబడున్నా వజ్రాన్ని పిలిచేవాళ్ళు కాదు. చంటిపిల్లలు ఉన్నోళ్ళు అది ఎదురొస్తే పిల్ల ముఖం మీద కొంగు కప్పేవాళ్ళు. ఎవురూ ఒక్క చెడ్డమాట అనలేదర్రా, అది గుర్తుపెట్టుకోండి. ఊరికే పక్కకి పోయేవాళ్ళు, అంతే.

దాని నవ్వు పోయింది, తర్వాత మాట పోయింది, తర్వాత తిండి పోయింది. పిలిస్తే పలికేది కాదు. నేను చూస్తానే ఉన్నాను గానీ ఏం మాట్లాడాలో నాకూ తెలియలా.

ఒక మద్దేనం అందరం నడుం వాల్చినప్పుడు, వజ్రం లేచి పోయింది. ఎక్కడికి పోయిందో తర్వాత నాకు అదే చెప్పింది. మోటబావికి పోయింది. ఎందుకు పోయిందో మీకు చెప్పాల్సిన పని లేదనుకుంటా.

చెట్టు దాటింది, బావి గోడ మీద చెయ్యి పెట్టింది. అప్పుడు ఎనక నుంచి, ఒక్క చెయ్యి ఎయ్యి తల్లీ అని వినపడింది. తిరిగి చూసింది. మోపు, తడిచీర, చుట్టకుదురు, అంతా జనం చెప్పినట్టే ఉంది. భయం వెయ్యలేదా అని అడిగాను నేను. చావటానికి పోయినదాన్ని నాకు దెయ్యమంటే భయమేందక్కా అనింది. ఇంకో మాట కూడా అనింది. అన్ని రోజుల్లో నా చెయ్యి కావాలని అడిగింది ఆమొక్కతే అక్కా, ఆ చేత్తో దేన్నీ ముట్టుకోనియ్యలా మీరెవరూ, అనింది.

సరే, ఎత్తి వచ్చి దూకుదాంలే అనుకుని ఎళ్ళిందంట. చెప్పాను గదా, మోపు ఎత్తేటప్పుడు ఇద్దరూ ఎదురూబొదురూ నిలబడాలి. ఎత్తారు. బరువంటే బరువు కాదంట, మోచేతులు వణికినయ్యంట, గడ్డిలో నుంచి చల్లటి నీళ్ళు ముఖం మీద కారినయ్యంట. మోపు తలమీదకి చేరాక, ఆ నీడలో ఇద్దరి ముఖాలూ జానెడు దూరంలో ఉన్నయ్యి. ఆదెమ్మ వజ్రాన్ని చూసింది. రవికె కేసి చూసింది. పాలు వచ్చి తడిసి ఉంది గదా, బిడ్డ పోయినా పాలు రాకుండా ఉంటయ్యా, ఆ సంగతి ఒంటికెట్టా తెలుసుద్ది?

ఏం బిడ్డ తల్లీ, అనిందంట ఆదెమ్మ.

అంతే అడిగింది. ఇంట్లో మేం అడగలేదు, ఊళ్ళో అడగలేదు, కన్నతల్లి వచ్చి అడగలేదు. ఆడపిల్లంట, నాకు చూపించలా అనింది వజ్రం. పేరు అనుకున్నావా అని అడిగింది ఆదెమ్మ. అనుకున్నాను అని చెప్పి, పేరు చెప్పింది. ఆ పేరు వజ్రం తర్వాత నాకూ చెప్పింది గానీ, మీకు నేను చెప్పను. ఆదెమ్మ ఆ పేరు ఒకసారి తను అనుకుని, బాగుంది అనింది. ఎండగా ఉంది, ఇంటికి పో తల్లీ అని, ఊరి వైపు తిరిగి నడిచింది. నాలుగు అడుగులు పోయిందో లేదో మనిషి లేదు.

వజ్రం ఇంటికొచ్చింది. వాకిట్లో కూలబడి ఏడ్చింది చూడండి, బిడ్డ పోయినప్పుడు కూడా అట్టా ఏడవలా. మేం అంతా లేచి ఏమైందని చూస్తే, మోచేతుల దాకా తడి, జుట్టులో పచ్చగడ్డి పోచలు. ఏటిగట్టు కూడా ఎండిపోయిన నడివేసంగిలో మన ఊళ్ళో పచ్చగడ్డి ఎక్కడుంది? గేదెలు మేత లేక గోడలు నాకే కాలం అది.

ఆ రోజు రాత్రి అన్నం తినింది. మరుసటి రోజు మద్దేనం మళ్ళీ పోయింది, ఎత్తి వచ్చింది. ఆ తర్వాత రోజూ పోవటం మొదలుపెట్టింది. మనిషి తేరుకుంటంది, మాట వస్తంది, అది చూడాలా వద్దా? మా అత్త అది చూడలా. దెయ్యం పట్టిందనింది. భూతవైద్యుడు వచ్చాడు. వేపమండలతో కొట్టాడు, ఇవిగో, ఇట్టాంటి ఎండుమిరపకాయలే గుప్పెడు నిప్పుల మీద పోసి, ఆ పొగలో దాని తల వంచి పట్టుకున్నాడు. ఎవురు నువ్వు, ఎవురు నువ్వు అని ఒకటే అరుపు. అది దగ్గతానే, నేను వజ్రాన్నయ్యా, నన్నొదులు, ఆమె ఎండలో నిలబడుంటది అనింది. మొండి దెయ్యం అన్నాడు వాడు. మొండి అంట. మద్దేనం బయటికి వదలొద్దు, ఒక పక్షం ఆగితే అదే పోయిద్ది అని చెప్పి కోడిని చంకలో పెట్టుకుని ఎళ్ళాడు. వజ్రాన్ని గింజల కొట్టులో పెట్టి బయట గొళ్ళెం పెట్టింది మా అత్త.

మొదట్లో తలుపు కొట్టింది. తర్వాత కొట్టటం మానేసింది. కంచం పెట్టి తీస్తే పెట్టింది పెట్టినట్టే ఉండేది. మళ్ళీ మాట ఆగిపోయింది. ఒకరోజు నేను తలుపు సందులో నుంచి చూస్తే గోడకేసి తిరిగి కూర్చుని ఉంది, ఒళ్ళో చెయ్యి ఒళ్ళో ఉంది, చచ్చిన చెయ్యి లాగా. ఈ పిల్ల ఈ కొట్టులో నుంచి బతికి బయటికి రాదు అనిపించింది నాకు.

నేను గొప్పదాన్నని చెప్పట్లా, నాకు మా అత్తంటే హడలు. కానీ ఆవిడ నిద్రపోతంది, గొళ్ళెం అక్కడుంది. తీశాను. అంతే నేను చేసింది. గొళ్ళెం ఎంత బరువు ఉండిద్ది?

ఇద్దరం పోయాం. నేను చెట్టు ఇవతలే ఆగిపోయా. నాకు ఎవురూ కనపడలా, నిజం చెప్తన్నా. వజ్రం ఒక్కతే చెట్టు కిందకి పోయి, వంగి, దేన్నో పట్టి, ఊఁ అని లేపింది. ఏమీ లేదు అక్కడ. కానీ దాని జబ్బలు బరువుకి అదురుతన్నయ్యి, దాని ముంజేతుల ఎంబడి నీళ్ళు కారి ఆ మండే దుమ్ములో టపటపా పడతన్నయ్యి. అన్ని రోజులు తిండి లేదుగా, లేపలేకపోతంది. అక్కా, నువ్వూ ఒక చెయ్యి ఎయ్యి అనింది. కళ్ళు మూసుకుని పోయి చెయ్యి పెట్టాను. తడిగడ్డి తగిలిందర్రా నా అరచేతికి. చల్లగా, గరుగ్గా. ఎత్తాం. బరువు పోయింది చేతుల్లో నుంచి.

ఇట్టా రోజూ ఎన్నాళ్ళు ఎత్తుతాం అనుకున్నాం. ఆ నిలువు రాళ్ళు అక్కడే ఉన్నయ్యి, మీద బండ లేదంతే. అటు నుంచి అటే మునసబు గారింటికి పోయాం. మునసబు ఎప్పుడో పోయాడు, ఆయన భార్య ముసలావిడ ఉంది. ఏం చెప్పాలా అని మేం నసుగుతంటే, బండ కోసం వచ్చారా అని తనే అడిగింది. తీసుకుపోండమ్మా, తెచ్చిన కాడి నుంచి అది తడి ఆరలేదు, ఎండాకాలం నెత్తిన ఎండ కొడతన్నా ఆరలేదు, దాని మీద ఉతికిన బట్ట ఏనాడూ సరిగ్గా ఆరి చావలేదు అనింది. జీతగాళ్ళని పిలిచి తనే బండి కట్టించింది. ఊరంతా ఇళ్ళల్లో నుంచి బయటికొచ్చి చూశారు. బండ మళ్ళీ రాళ్ళమీద కూర్చుంది. మా కళ్ళముందే ఆరింది, ఇస్త్రీ పెట్టె తగిలినట్టు.

ఆ తర్వాత మెడలు పట్టేసిన మాట నేను వినలా. మా అత్తేమందంటారా? మర్నాడు వజ్రానికి తనే అన్నం కలిపి పెట్టింది, నోరు తెరిచి ఏదో అడగబోయి ఆగింది, మళ్ళీ అడిగింది. బిడ్డ పేరే.

వజ్రం బతికింది. కొడుకుల్ని కనింది, గేదెల్ని బెదరగొట్టింది. ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పోయినా, మనిషి పోయినా, పిలవకుండానే పోయి పక్కన కూర్చునేది. ఏం చెప్పేది కాదు, ధైర్యంగా ఉండమని కూడా అనేది కాదు. పోయినవాళ్ళ పేరు అడిగేది.

మరి ఇప్పుడు ఆ చెట్టు కింద బండేది, మేమెప్పుడూ చూడలేదే అంటారు. ఎట్టా చూస్తారు? డొంకకి కంకర తోలినప్పుడు మిషనోడు ఆ రాళ్ళూ బండా కలిపి ముక్కలు చేసి రోడ్డు కింద తొక్కేశాడు. ఎవురూ ఆపలా. మోపులు మోసేవాళ్ళెవురున్నారు ఇప్పుడు, దానితో ఎవరికి పని అన్నారు. ఈ మాట నేను మా అత్త నోట ఎప్పుడో విన్నానే అనుకున్నా. ఆ ఎండాకాలమే మళ్ళీ మొదలైంది. పాలకేంద్రం కుర్రాడు మెడకి పట్టీ ఏసుకుని తిరుగుతన్నాడు చూశారుగా? బండి మీద నుంచి పడ్డా అని చెప్తన్నాడు. బండికి గీత కూడా పడలా.

పోయినేడు వజ్రం పోయింది కదా. పాడె మోసుకుంటా ఉత్తరపు డొంకలోనే పోవాలి. దింపుడు కల్లం ఎక్కడ? ఆ చింతచెట్టు కాడే. అక్కడ దించారు, పెద్దకొడుకు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచాడు. పలుకుద్దేమో అని మేం ఆడోళ్ళం డొంక మొదట్లో నిలబడి చూస్తన్నాం, పలకదని తెలిసీ. మళ్ళీ ఎత్తారు. ఎత్తిన నలుగురూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. అప్పటిదాకా భుజాలు కోసుకుపోతన్నయ్యంట, అక్కడ నుంచి బరువు లేదంట. ఇంకెవరో చెయ్యేసినట్టు దానంతటదే లేచిందంట. మీకు నమ్మకం లేకపోతే ఆ నలుగురిలో ముగ్గురు బతికే ఉన్నారు, పోయి అడగండి. పాడె లేచిన చోట దుమ్ములో పచ్చగడ్డి పోచలు తర్వాత పోయి నేనే ఏరాను.

కాబట్టి చెప్తన్నా వినండి. అటు పోమాకండి. మద్దేనంపూట అసలే పోమాకండి. అడిగితే చెయ్యేసే ఉద్దేశం లేనివాళ్ళైతే పొద్దునా పోమాకండి, సాయంత్రమూ పోమాకండి, చుట్టు తిరిగి తారురోడ్డున పోండి. మీ మెడలకి నేను పూచీ కాదు.

ఇంక చాలు, లేవండి. మిగిలిన కాయలు కోడి కూసేసరికి వచ్చి పూర్తి చేద్దాం.

ఒరే కొండలూ, నువ్వాగు. నిన్న మద్దేనం నువ్వు మోటబావి వైపు పోయావని మేకలోళ్ళు చెప్పారు. ఎందుకు పోయావని నేను అడగను. రేపు మాత్రం పోమాక, నాకు పనుంది నీతో. ఎల్లుండీ ఉంది. ఇదిగో, ఈ కాయల గంప ఇంటికి చేర్చాలి, నా ఒక్కదాని వల్ల లేవదు. ఒక్క చెయ్యి ఎయ్యి నాయనా. పక్క నుంచి కాదురా, ఎదురుగా రా, ఎదురుగా వచ్చి పట్టు. ఆఁ, అట్టా. లేపు. తలకాయ దించుకుంటే ఎట్టా, నా ముఖం చూడు.

మీనాక్షి నిన్ను ఏమని పిలిచేదిరా?

పర్లేదు, మెల్లిగా చెప్పు. నడుస్తా చెప్పు.

మీరేందర్రా గుడ్లప్పగించి చూస్తన్నారు? దీపం తీసుకుని ఇళ్ళకి పోండి. తూరుపీధి గుండా పోండి. అటు పోమాకండి.